మొదటి నాడె

“నా ఇంట్లో కూర్చోని, నా చేతి తాంబూలం పుచ్చుకొని, నోటితో చెప్పినావా లేదా? అది మాత్రం చెప్పు.”

“చెప్పినా పెద్దమ్మా. చెప్పలేదని నేనెప్పుడన్నా? అప్పుడు ఉండిన సంగతి వేరే, ఇప్పుడు ఉండేది వేరే.”

“ఏం మారిపోయింది? ఆ పిల్ల చెయ్యి ఇరిగిందా, కన్ను పోయిందా?”

“చానల్ వాళ్ళు ఒప్పుకోలే. ఆడపిల్ల కెమెరా పట్టుకుంటే లైటు మనుషులు మాట వినరంట. పేరుండే మనిషే కావాలంట. నేనేం చేసేది?”

“చానల్ మీద పెట్టొద్దు నాయనా. ఆ గడ్డమాయన కాఫీ తాగతా నాకు అంతా చెప్పినాడు.”

“అవ్వా, గమ్మునుండు.”

ఈ మాటలు, అరవవాళ్ళ లెక్కలో పోయిన ఆడి నెలలో, గుడియాత్తంలో మా మగ్గం గదిలో, పొద్దు వాలే వేళ నడిచినవి. అడుగుతున్నది నేను. జవాబు చెబుతున్నది మా చెల్లెలి కొడుకు. మద్రాసులో టీవీ సీరియళ్ళు తీసే డైరెక్టరు. చివరన నన్ను గమ్మున ఉండమన్నది నా కొడుకు కూతురు. తగవు ఆమె గురించే, కాని ఆమె మగ్గం కర్ర పట్టుకుని, ఎవరో పరాయివాళ్ళ గొడవ వింటున్నట్టు తల వంచుకుని నిలబడింది. చేతిలో కొలత టేపు ఉంది. దాన్ని చుట్టడం, వదలడం, మళ్ళీ చుట్టడం.

ఇంత కాలానికి అది మళ్ళీ ఎందుకు పైకొచ్చిందంటే, నిన్న వేలూరుకు పోయి కళ్ళు చూపించుకున్నాను. కంటిలో మందు వేసి, కాసేపు కళ్ళు మూసుకుని కూర్చోమని ఒక నర్సు పిల్ల బెంచీ చూపించింది. నాలాంటి ముసలివాళ్ళందరూ వరసగా కళ్ళు మూసుకుని కూర్చుని ఉంటే, ఎదుటి గోడకు టీవీ మాత్రం తన పాటికి తాను వాగుతూ ఉంది. కళ్ళు మూసుకున్నవాళ్ళ ముందర టీవీ పెట్టి కరెంటు తగలేయడం ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆపమని చెబుదామని నోరు తెరిచేలోగా అందులోంచి మా చెల్లెలి కొడుకు గొంతు వినబడింది. ఏదో సభ. వాడి సీరియల్‌కు బహుమానం ఇస్తున్నట్టున్నారు. అరవంలో చెబుతున్నాడు: మా పెద్దమ్మ ఇంట్లో పడుగు అతికిన ఆడమనిషే మొదటి నాడె వేయాలని కట్టడి, ఆడామగా సమానమనే మాట నేను పుస్తకాల్లో చదవలేదు, ఆ మగ్గం దగ్గర నేర్చుకున్నాను, అని. చప్పట్లు. నా పక్కన కూర్చున్న ఆమె కళ్ళు మూసుకునే, “ఎంత మంచి బిడ్డ! వీడిని కన్నతల్లి పుణ్యం చేసుకుంది” అంది. కన్నది నా చెల్లెలు, కూడు పెట్టింది నేను. కాని ఆ మాట ఆమెకు చెప్పలేదు. కంట్లో మందు మండుతూ ఉంది కాబట్టి కళ్ళలో నీళ్ళకు వేరే కారణం వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది.

వీడిది కే.వి.కుప్పం. అక్కడ మా చెల్లెలి మామగారికి చెరుకు తోటలు. వీడికి తోట అక్కర్లేదు, చదువు మీద కూడా పెద్ద ప్రేమ లేదు గాని, కాలేజీ పేరు చెప్పుకుని గుడియాత్తం వచ్చి మా ఇంట్లో దిగబడ్డాడు. మా ఇంటి పద్ధతి వీడికి మొదట మింగుడు పడలేదు. నేను మనిషికి ఒక కాఫీ మించి ఇవ్వను. గదిలోంచి బయటికి వస్తూ దీపం ఆర్పనివాడికి మరునాడు చీకట్లోనే స్నానం. పడుగు చివర మిగిలే పోగుల ముక్కలు కూడా పారేయనివ్వను. పేని తాడు చేస్తాను, మా ఇంట్లో బావి చేంతాడు మొదలు ఉట్టి దాకా అన్నీ ఆ పోగులవే. వీడు సినిమాలు చూసి ఆలస్యంగా వచ్చి, చెప్పులు చేతిలో పట్టుకుని, పిల్లిలా గోడ వెంట నడిచేవాడు. నాకు తెలిసేది. తెలిసి కూడా మూత పెట్టిన గిన్నెలో అన్నం ఉంచేదాన్ని. మా ఆయన అప్పటికి బతికే ఉన్నాడు. “నీ కొడుక్కి ఒక కాఫీ, చెల్లెలి కొడుక్కి రెండా?” అని ఎకసక్కెం చేసేవాడు. నిజమే. వీడికి రెండో కాఫీ ఇచ్చాను. అది నా చేత ఇప్పించగలిగినవాడు ఈ ఇంట్లో వీడొక్కడే.

ఎందుకంటే వీడు చూసేవాడు. మగపిల్లలు ఆడవాళ్ళ పనిని చూడరు, దాటుకుని పోతారు. నేను పడుగు అతకడానికి కూర్చుంటే వీడు వచ్చి ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చునేవాడు. మగ్గం సంగతి తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఒక పడుగు, అంటే మగ్గానికి ఎక్కించిన నిలువు పోగులు, నేయడం అయిపోయినాక దాని కొసలు మగ్గంలోనే ఉంచేస్తాం. కొత్త పడుగు వస్తే, దాని ఒక్కొక్క పోగునూ పాత పోగు కొసతో కలిపి మెలిపెట్టాలి. వేళ్ళకు బూడిద అద్దుకుని, ఇటు పోగు, అటు పోగు, ఒక్క తిప్పు. మగ్గం వెడల్పంతా అట్లా పోగు తర్వాత పోగు. వీపు విరిగిపోతుంది, కళ్ళు మసకలు కమ్ముతాయి. ఒక్క పోగు తప్పితే లుంగీ గళ్ళు వంకర. ఆ పని ఆడవాళ్ళది. అదయ్యాక మగవాడు మగ్గం గుంటలోకి దిగి కూర్చుని, అడ్డపోగు ఉండే నాడెను ఇటూ అటూ విసురుతూ నేస్తాడు, లుంగీ వాడిదవుతుంది. సొసైటీలో పేరు వాడిది, ‘నేతగాడు’ అని పిలిచేది వాడిని. మేము నేతగాని పెండ్లాలం.

మా అత్త మాత్రం దీనికి ఒక మేకు కొట్టి పెట్టింది. ఆమె కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు, పడుగంతా అతికి లేచి నడుం పట్టుకుని నిలబడితే, మా మామ టెంకాయ కొట్టి, దండం పెట్టి, గుంటలోకి దిగబోయాడట. ఈమె అడ్డం నిలబడి, “పోగులన్నీ నా చేతిలో తిరిగి వచ్చినాయి, మొదటి నాడె నేను వేస్తా, ఆ తర్వాత నువ్వు ఎంత కావాలంటే అంత నేసుకో” అందట. ఆయన నవ్వితే, అతికిన పోగుల మీద కత్తెర పెట్టిందట. ఆయన నవ్వు ఆగిపోయింది. అప్పటినుంచీ మా ఇంట్లో పడుగు అతికిన ఆడమనిషి స్నానం చేసి, దీపం పెట్టి, మొదటి నాడె వేయాలి. లేదా తనకు ఇష్టమైనవాళ్ళ చేత వేయించాలి. ఆ ఒక్క నాడెకు పడే గుడ్డ గోరంత కూడా ఉండదు. అయినా ఆ పడుగు అయిపోయేదాకా అది ఆమె మొదలుపెట్టిన గుడ్డ. ఇంకో ఇంట్లో ఈ పద్ధతి ఉందో లేదో నాకు తెలియదు. మా ఇంట్లో ఉంది. ఇదంతా మా చెల్లెలి కొడుకు నా ఎదురుగా కూర్చుని విన్నాడు. కత్తెర మాట చెప్పినప్పుడల్లా పగలబడి నవ్వేవాడు. “పెద్దమ్మా, దీన్ని ఒకనాడు నేను సినిమా తీస్తా చూడు” అనేవాడు.

ఇక నా మనవరాలు. వేలూరు కాలేజీలో ఏదో లెక్కల చదువు ముగించి, ఒకనాడు వచ్చి, మద్రాసులో కెమెరా చదువుతానంది. ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. నా కోడలు మూడు పూటలూ ఏడ్చింది. నేను ఏడవలేదు, ఒకటే అడిగాను: “అది పనా, వేడుకా?” “పని అవ్వా, బరువు పని” అంది. “అయితే పో” అన్నాను. నన్ను నాలుగో తరగతితో బడి మాన్పించి కండెలు చుట్టడానికి కూర్చోబెట్టారు. పని నేర్చుకుంటానన్న ఆడపిల్లకు నేను అడ్డం నిలబడను.

చదువు అయినాక వాళ్ళ దగ్గరా వీళ్ళ దగ్గరా అసిస్టెంటుగా చేసింది. ఎప్పుడైనా ఇంటికి వస్తే నేను వింత సంగతులు వినేదాన్ని. ఊరి బయట షూటింగు అయితే ఆడవాళ్ళు వెళ్ళడానికి చాటు ఉండదట, అందుకని పొద్దున్నుంచి పొద్దు వాలేదాకా నీళ్ళు తాగదట. నటీమణులకైతే వ్యాను ఉంటుంది. పనిచేసే పిల్లలకు ఉండదు. మగవాళ్ళ మధ్యలో ఈమె ఒక్కతె. ఈమెను అందరూ ‘తంబి’, అంటే తమ్ముడు, అని పిలుస్తారట. “తంబి ఏందే? నువ్వేమన్నా మీసాలు పెంచితివా?” అని అడిగితే నవ్వింది. “ఆ పని చేసే ఆడదాన్ని పిలిచేదానికి వాళ్ళ దగ్గర మాట లేదవ్వా. దానికని తంబి.” నవ్వుతూనే అంది గాని, అప్పుడు నేను చపాతీ తిప్పడం మరిచిపోయి మాడ్చాను. మా ఇంట్లో పిండి వస్తువు మాడడం చిన్న సంగతి కాదు. ఆ మాడిన చపాతీ నేనే తిన్నాను.

పంగుణి నెలలో మా చెల్లెలి కొడుకు వచ్చాడు. చాలాకాలానికి వచ్చాడు. కారు పెద్దది, మనిషి మాత్రం గడప దగ్గర చెప్పులు చేతిలో పట్టుకుని, పాత పిల్లి నడక నడిచి నన్ను నవ్వించాడు. నేత ఇంటి ఆడదాని కథ తీస్తున్నానన్నాడు. మా అత్త కథే. కత్తెర కూడా ఉందన్నాడు. మా మగ్గం గదిలోనే తీయాలట. అప్పుడే నా మనవరాలు లోపలినుంచి వస్తే ఆమె తల మీద చేయి పెట్టి, “ఈ సీరియల్‌కు కెమెరా ఈమే పెద్దమ్మా. ఆడదాని కథను ఆడదాని కంటితోనే తీయాల. నా పక్కన అసిస్టెంటుగా కాదు, కెమెరా ఈమెదే, పేరు ఈమెదే” అన్నాడు. నేను అంత సులభంగా నమ్మే మనిషిని కాదు. రెండుసార్లు అడిగాను. రెండుసార్లూ అదే మాట. అప్పుడు వెండి తట్టలో ఆకూ వక్కా పెట్టి ఇచ్చాను. మా వాళ్ళలో తాంబూలం పుచ్చుకుంటే పెళ్ళి నిలబడుతుంది, పొలం చేతులు మారుతుంది. వాడు రెండు చేతులతో తీసుకుని కళ్ళకు అద్దుకున్నాడు. బాడిగ మాట వాడు ఎత్తితే నేనే నోరు మూయించాను. ఇంటివాడి దగ్గర బాడిగ ఏమిటి? ఆ పూట వాడికి రెండో కాఫీ కూడా ఇచ్చాను.

ఆ తర్వాత నా మనవరాలిని చూడాలి. వేరే పనులు మానుకుని ఇంటికి వచ్చి కూర్చుంది. కూర్చుంది అనకూడదు, నిలబడింది. మగ్గం గదిలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా గోడ వైపు చూస్తూ నిలబడేది. “ఏమే, గోడలో సినిమా కనపడతాందా? ఆ చేతులతో రెండు కండెలన్నా చుట్టరాదా?” అని నేను తిడితే, “వెలుతురు నడిచేది చూస్తాండానవ్వా” అనేది. మా కప్పులో ఒక గాజుపెంకు ఉంది. దాని ఎండ పొద్దున గోడ మీద మొదలై, కిందికి దిగి, మగ్గం మీదుగా పోతుంది. ఇన్నేళ్ళుగా ఆ గదిలో బతికి నేను దాన్ని దీపం ఆదా చేసే వస్తువుగానే చూశాను. ఆమె దాని వెంట నడిచింది. ఎక్కడ పడుతుందో అక్కడ నేల మీద సుద్దతో గీతలు గీసింది. తుడవడానికి పోతే చీపురు లాక్కుంది. “పది గంటలకు ఈ గీత దగ్గరికి వస్తాది చూడు. అప్పుడు మొదటి నాడె వేస్తే, వెలుతురు నాడె మీద మాత్రమే ఉంటాది, వేసే మనిషి మొహం చీకట్లో ఉంటాది. చెయ్యి ముందర, మొహం తర్వాత. అట్లా తీస్తా” అంది. అంత మాట్లాడే పిల్ల కాదు. రోజూ వాళ్ళ చిన్నాయన, అదే మా చెల్లెలి కొడుకు, ఫోన్ చేసి ఆ గీతల సంగతే అడిగేవాడు. ఈమె ఫోటోలు తీసి పంపేది. గోడ సున్నం ఎక్కడ చెక్కాలో, ఏ కిటికీకి గోనె కట్టాలో, అన్నీ ఈమె చెప్పినట్టే మనుషులు వచ్చి చేసి పోయారు. మా గోడ పాతదే. దాన్ని ఇంకా పాతగా చేయడానికి ఇంతమంది ఎందుకో నాకు అర్థం కాలేదు, అయినా ఊరుకున్నాను.

ఆడి నెలలో షూటింగు. వేలూరు లాడ్జిలో దిగి పొద్దున్నే వ్యాన్లలో వచ్చారు. మా వీధి అంత కాఫీ ఎన్నడూ చూడలేదు. మా చెల్లెలి కొడుకు పక్కన ఒక నెరిసిన గడ్డం ఆయన దిగాడు. మంచి మనిషి, వస్తూనే దండం పెట్టాడు. ఎవరో అతిథి అనుకున్నాను. సీరియల్లో మా అత్త వేషం వేసే నటి ఉంది గాని, ఆమెకు పోగు అతకడం రాదు. అందుకని దగ్గరగా చూపించేది నా చేతులు. నేను మగ్గం ముందు కూర్చుని, వేళ్ళకు బూడిద అద్దుకుని, పడుగులో చివర మిగిలిన పోగులు అతుకుతున్నాను. కెమెరా తెచ్చి నా ఎదురుగా పెట్టారు. తల ఎత్తి చూస్తే దాని వెనకాల గడ్డం ఉంది.

నా మనవరాలు వచ్చి నా పక్కన వంగింది. చేతిలో టేపు. దాని కొస నా వేళ్ళ దగ్గర పెట్టి, కెమెరా దాకా లాగి, కొలత పైకి చెప్పింది. బొమ్మ స్పష్టంగా పడడానికి అట్లా కొలుస్తారట. అది అసిస్టెంటు పని. “ఏమే, నువ్వు అక్కడ కదా ఉండాల?” అన్నాను. “తర్వాత చెప్తా అవ్వా. చెయ్యి కదపొద్దు” అంది. ఆమె నా మొహంలోకి చూడలేదు. నేను చేయి కదపలేదు. పోగులు అతుకుతూనే ఉన్నాను. కళ్ళు చేసే పని కళ్ళు చేశాయి, వేళ్ళు చేసే పని వేళ్ళు చేశాయి.

చానల్ వాళ్ళు ఆఖరి నిమిషంలో వద్దన్నారని ఆ పొద్దున్నే చిన్నాయన చెప్పాడట. వ్యానులోంచి దిగుతూ, నడుస్తూ నడుస్తూ. ఈమె నమ్మింది. నేను కూడా నమ్మేదాన్నే. మధ్యాహ్నం గడ్డం ఆయనకు నేనే కాఫీ ఇచ్చాను. ఆయన గదంతా చూసి మెచ్చుకుంటూ, “అమ్మా, నేను రావలసిన పనే లేదు, పిల్ల అన్నీ సిద్ధం చేసి పెట్టింది” అన్నాడు. ఆ తర్వాత, ఏ కల్మషమూ లేకుండా, “నన్ను మాసి నెలలోనే మాట్లాడుకున్నారు. ఊళ్ళో మా ఇంటి పిల్ల ఒకతె ఉంది, చోటూ వెలుతురూ అంతా చూసి పెడుతుంది, మీరు నేరుగా వచ్చి తీసేయొచ్చు అని మీ అబ్బాయి అప్పుడే చెప్పాడు” అన్నాడు.

మాసి తర్వాత పంగుణి. అది తెలుసుకోవడానికి నాలుగో తరగతి చాలు. నా చేతి తాంబూలం కళ్ళకు అద్దుకున్ననాటికే వాడు కెమెరాను ఇంకొకరికి ఇచ్చేసి ఉన్నాడు. వాడికి ఇల్లు కావాలి, ఆ పిల్ల కళ్ళు కావాలి. రెండూ దొరికే మాట ఏదో వాడికి తెలుసు. తెలియకేమి, మా ఇంట్లో కూర్చుని నేర్చుకున్నదే కదా!

సాయంత్రం యూనిట్ వాళ్ళు సామాన్లు సర్దుకుంటుంటే వాడిని లోపలికి పిలిచాను. మొదట చెప్పిన తగవు అదే. మాసి నెల మాట నేను బయటపెట్టగానే వాడు ఫోన్ తీసి చూసుకోవడం మొదలుపెట్టాడు. అప్పుడు నా మనవరాలు టేపు చుట్టడం ఆపింది.

“చిన్నాయనా, మాసిలోనే మాట్లాడుకొని ఉంటే, ‘పదింటి ఎండ యాడ పడతాది పాపా’ అని దినమూ నాకెందుకు ఫోన్ చేస్తివి?”

వాడు ఫోన్ జేబులో పెట్టుకుని, “నీకు ఇంకా వయసుండాది పాపా. వచ్చే సీరియల్‌కు చూస్తాం” అన్నాడు. ఆ తర్వాత నా వైపు తిరిగి, “బయట ఆడోళ్ళ కోసం నేను ఎంత మాట్లాడతానో నీకు తెల్దా పెద్దమ్మా? ఈ కథ తీసేదే దానికి కదా! చుమ్మా ఊరికే కోపం పెట్టుకోవద్దు. రేపు పదింటికి మొదటి నాడె సీను. నీ చేతులే కావాల” అన్నాడు.

“కత్తెర కూడా కావాలా?” అన్నాను.

వాడు నవ్వాడు. వెనకటి నవ్వే. అది తమాషా అనుకున్నాడు.

మరునాడు తెల్లవారుతుండగానే నా మనవరాలిని లేపి స్నానం చేసి రమ్మన్నాను. ఎందుకని అడిగింది, చెప్పలేదు. నా కొడుకు టెంకాయ కొట్టాడు. మగ్గం మీద దీపం పెట్టి, నాడె తీసి ఆమె చేతిలో పెట్టాను. “అతికింది నేను. ఇచ్చేది నా ఇష్టం. వెయ్యి.” ఆమె గుంటలోకి దిగి కూర్చుంది. మగ్గం ముట్టుకుని చాలా ఏళ్ళయింది కదా, మొదటిసారి నాడె సగం దూరం పోయి జారి కింద పడింది. నా కొడుకు నవ్వాడు, ఆమె కూడా నవ్వింది. రెండోసారి సరిగ్గా పోయింది. పలక లాగి పోగును దగ్గరికి కొట్టింది. తర్వాత లేచి, వాళ్ళ నాయనకు చోటు ఇచ్చింది. నేయడం మొదలుపెట్టమన్నాను.

వ్యాను వచ్చేసరికి మోచేతి పొడవు లుంగీ పడింది. ఆకుపచ్చ గళ్ళు. మా చెల్లెలి కొడుకు గడప దగ్గర నిలబడిపోయాడు. పడుగు ఒకసారి నేయడం మొదలైతే అది అయిపోయేదాకా మళ్ళీ అతకడమూ లేదు, మొదటి నాడె వేయడమూ లేదు. అది వాడికి నేను చెప్పక్కర్లేదు.

“ఏం పని చేస్తివి పెద్దమ్మా! మాట ఇచ్చి ఇట్లా చేస్తారా?”

“ఇల్లు ఇస్తానన్నా. ఇదో ఇల్లు. చేతులు ఇస్తానన్నా, నిన్న ఇచ్చినా. మొదటి నాడె నీకు ఇస్తానని నేను యాడన్నా అన్నానా?”

వాడు మేనేజరును కేకేశాడు. మేనేజరు వీధుల్లో తిరిగి వచ్చాడు. వెనక వీధిలో ఒక ఇంట్లో కొత్త పడుగు అతికి సిద్ధంగా ఉందట. వాళ్ళు సంతోషంగా ఒప్పుకున్నారట. అరగంటలో మా ఇంట్లోని లైట్లూ వైర్లూ అన్నీ తీసి వ్యానులో వేశారు. గడ్డం ఆయన పోతూ పోతూ నా మనవరాలి వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు.

ఆమె వంటింట్లో నిలబడే ఇడ్లీ తినింది. చేయి కడుక్కుని టేపు సంచీలో పెట్టుకుంది. నేను చూస్తూనే ఉన్నాను.

“నువ్వు కూడా పోతావా?”

“పోవాల అవ్వా.”

“ఇంత జరిగినాక?”

“నేను ఈపొద్దు దిగిపోతే, ఆడోళ్ళంతా ఇంతే, మధ్యలో వదిలేసి పోతారు అంటారు. నా వెనకాల వచ్చే పిల్లకు ఈ టేపు కూడా ఇయ్యరు.”

తలుపు దగ్గర ఆగి నీళ్ళ చెంబు ఎత్తింది. నోటి దాకా తెచ్చి, ఏదో గుర్తొచ్చినట్టు, తాగకుండానే కింద పెట్టింది. వ్యాను ఎక్కి, వెనక సీటులో, పెట్టెల పక్కన కూర్చుంది. ముందు సీటులో మా చెల్లెలి కొడుకు. వాడు మా ఇంటి వైపు చూడలేదు.

వ్యాను మలుపు తిరిగింది. ఆ చెంబులో నీళ్ళు పారేయడం ఇష్టం లేక నేనే తాగాను. వచ్చి మగ్గం గదిలో కూర్చుని కండెలు చుట్టాను. కొడుకు నేస్తూ ఉన్నాడు. గోడ మీద ఎండ మెల్లగా దిగుతూ వచ్చింది. పది గంటలకు, ఆ పిల్ల చెప్పిన వేళకే, సుద్దగీత దగ్గరికి వచ్చి నిలబడింది. నాడె మీద వెలుతురు, నా కొడుకు మొహం చీకట్లో. చూస్తుండగానే గీత దాటుకుని ముందుకు పోయింది.